టికెట్టు మీద కనిపించే లెక్క, రోడ్డు మీద కనిపించని లెక్క

ఈసారి రైలెక్కినప్పుడు టికెట్టును చివరిదాకా చదవండి. ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే ప్రయాణికుల నుంచి వస్తోందని రైల్వే శాఖ 2016లో టికెట్ల మీదే ముద్రించడం మొదలుపెట్టింది. రైల్వే మంత్రి ఈమధ్య చెబుతున్న లెక్కలో రాయితీ 46 శాతం దాకా ఉంది. ఈ లోటును చాలావరకు పూడ్చేది సరుకు రవాణా. బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం మోసినందుకు వచ్చే కిరాయిలోంచి కొంత తీసి ప్యాసింజరు టికెట్టు ధర తగ్గిస్తారు. బొగ్గు కిరాయి పెరిగితే కరెంటు తయారీ ఖర్చూ పెరుగుతుంది. అంటే జనరల్ బోగీలో కూర్చున్న కూలీ ప్రయాణానికి కొంత సొమ్ము ఎక్కడో ఇంట్లో ఏసీ వేసుకున్నవాళ్ల కరెంటు బిల్లులోంచి వస్తోంది.

కారు నడిపేవాళ్లకు ఇలాంటి చీటీ ఎవరూ ఇవ్వరు. ఈ రెండు నిమిషాల ప్రయాణానికి ప్రజల సొమ్ము ఇంత ఖర్చయిందని చెప్పే బోర్డు ఏ ఫ్లైఓవర్ దిగినచోటా నాకు కనబడలేదు. రోడ్డు ఖర్చు ఒకచోట ఉండదు. కొంత జాతీయ రహదారుల పద్దులో, కొంత మున్సిపాలిటీ ఖాతాలో, కొంత భూసేకరణ పరిహారంలో, కొంత ట్రాఫిక్ పోలీసుల జీతాల్లో, మరికొంత ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ల ఆస్పత్రి బిల్లుల్లో చెదిరిపోయి ఉంటుంది. మనదేశంలో 2022లో ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ కుటుంబాలు పోగొట్టుకున్నది ఏ రవాణా బడ్జెట్‌లోనూ కనబడదు. బస్సుకూ రైలుకూ ఇచ్చేది మాత్రం ఒక్క అంకెగా బడ్జెట్ పుస్తకంలో ఉంటుంది. అందుకే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన కనబడే సందర్భాలు అరుదు. వెతికితే దొరికిన కొన్ని ఇవి.

ఒకే వేసవి, రెండు తాయిలాలు

కారుకిచ్చే సాయాన్నీ, బస్సుకూ రైలుకూ ఇచ్చే సాయాన్నీ ఒకే తక్కెడలో పెట్టి చూసే అవకాశం జర్మనీ ఇచ్చినంత చక్కగా మరే దేశమూ ఇవ్వలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల చమురు ధరలు మండిపోతుంటే అక్కడి ప్రభుత్వం జనానికి ఊరటగా రెండు పథకాలు ప్రకటించింది. రెండూ జూన్ 1న మొదలై ఆగస్టు 31న ముగిశాయి. మొదటిది ఇంధనం మీద పన్ను తగ్గింపు. పెట్రోలు లీటరుకు సుమారు 35 సెంట్లు, డీజిలుకు 17 సెంట్ల దాకా తగ్గాయి. రెండోది 9 యూరోల టికెట్టు. నెలకు 9 యూరోలు కడితే దేశంలో ఏ ఊరి బస్సయినా, ట్రామయినా, మెట్రో అయినా, ప్రాంతీయ రైలయినా ఎక్కొచ్చు. దూరప్రాంతాలకు వెళ్లే వేగపు రైళ్లకు మాత్రమే అది చెల్లదు.

టికెట్టు చేసిన సందడి అంతా ఇంతా కాదు. మూడు నెలల్లో 5.2 కోట్ల టికెట్లు అమ్ముడుపోయాయి. అప్పటికే పాసులున్న సుమారు కోటి మందికీ అదే ధర వర్తింపజేశారు. ఉత్తరాన ధనవంతుల విడిది అయిన సిల్ట్ దీవికి చౌక టికెట్టుతో పంక్ కుర్రకారు గుంపులుగా చేరి నడివీధిలో మకాం పెట్టడం పత్రికలకు వేసవి అంతా మేత అయింది. రైళ్లు కిక్కిరిసిపోయాయన్న ఫిర్యాదులూ నిజమే. ఆ టికెట్టుతో చేసిన ప్రయాణాల్లో సుమారు పదో వంతు కారు మానుకుని చేసినవని రవాణా సంస్థల సంఘం సర్వేలో తేలింది. రైలు స్టేషనే లేని పల్లెల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఇంధనం తగ్గింపే అక్కరకొచ్చింది. ఆ మాటా ఒప్పుకోవాలి.

ఇక డబ్బు సంగతి. టికెట్టు కోసం కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చింది 250 కోట్ల యూరోలు. ఇంధనం తగ్గింపుకు అయిన ఖర్చు సుమారు 315 కోట్ల యూరోలు. ఖరీదైనది రెండోదే. అయినా ఆర్థిక భారమంటూ నెలల తరబడి వాదన నడిచింది టికెట్టు మీదే. తర్వాత 2023 మేలో అదే టికెట్టు 49 యూరోల ధరతో శాశ్వత రూపం తీసుకుంది. 2025 జనవరిలో 58కి, 2026 జనవరిలో 63కి చేరింది. దీనికి కేంద్రం, రాష్ట్రాలు చెరిసగం వేసుకుని ఏడాదికి 300 కోట్ల యూరోలు పెడుతున్నాయి. మరోసారి ఆ అంకెలు చూడండి. మూడు నెలల పాటు పెట్రోలు ధర తగ్గించడానికి పోయిన సొమ్ముతో దేశమంతటికీ ఏడాది పొడవునా బస్సు, రైలు పాసుకు రాయితీ అందుతోంది.

బస్సు ఉచితం, పెట్రోలు చవక

దేశమంతటా ప్రజా రవాణాను ఉచితం చేసిన మొదటి దేశం లక్సెంబర్గ్. 2020 ఫిబ్రవరి 29న టికెట్లు ఎత్తేశారు. రైళ్లలో ఫస్ట్ క్లాసుకు మాత్రమే డబ్బు తీసుకుంటారు. అప్పటిదాకా టికెట్ల మీద వచ్చేది ఏడాదికి 4 కోట్ల యూరోల పైచిలుకు. నడపడానికయ్యే ఖర్చు 50 కోట్ల దరిదాపుల్లో ఉండేది. పదో వంతు కూడా రాని సొమ్ము కోసం టికెట్లు కొట్టడం, తనిఖీలు చేయడం ఎందుకన్నది వాళ్ల ఆలోచన.

అదే దేశంలో ఇంధనం పన్ను ఇరుగుపొరుగు దేశాల కంటే చాలాకాలంగా తక్కువ. జర్మనీ, బెల్జియం, ఫ్రాన్సుల నుంచి లారీలూ కార్లూ సరిహద్దు దాటి వచ్చి ట్యాంకులు నింపుకుని పోతుంటాయి. జనాభాతో పోలిస్తే కార్ల సంఖ్యలోనూ ఐరోపాలో ఆ దేశం ముందు వరసలోనే ఉంది. ఒక చేత్తో బస్సును, మరో చేత్తో కారును ప్రోత్సహిస్తే జనం రెండూ పుచ్చుకుంటారు. ఉచిత టికెట్టు ఒక్కటే కార్లను తగ్గించలేదు.

బెల్జియంలోని హాసెల్ట్ అనే చిన్న పట్టణం కథ ఇంతకంటే నాకు నచ్చింది. ఊరి చుట్టూ మూడో రింగురోడ్డు వేయాలన్న ఆలోచనను పక్కన పెట్టి 1997లో బస్సులు ఉచితం చేశారు. లోపలి రింగురోడ్డును చెట్లతో, నడకదారులతో తీర్చిదిద్దారు. బస్సుల సంఖ్యనూ పెంచారు. ప్రయాణికులు పదింతలకు పైగా పెరిగారు. ఖర్చు మోయలేక 2013లో ఉచితం ఆపేశారు గానీ, అప్పటికి 16 ఏళ్లు నడిచింది. రోడ్డు వేయకుండా మిగుల్చుకున్న డబ్బును బస్సు లెక్కలోకి తీసుకున్న ఊళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవేమో!

హైదరాబాద్ మెట్రోకు ఎదురు కట్నం

మెట్రో కట్టడానికి ప్రభుత్వం డబ్బివ్వడం లోకమంతటా ఉన్నదే. మెట్రో కట్టే హక్కు కోసం కంపెనీయే ప్రభుత్వానికి డబ్బిస్తానన్న వింత మన హైదరాబాద్‌లో జరిగింది. 2008లో మేటాస్ సంస్థ ఆధ్వర్యంలోని బృందం తమకు ఒక్క రూపాయి కూడా అక్కర్లేదని, పైగా 35 ఏళ్లలో 30,311 కోట్ల రూపాయలు తామే చెల్లిస్తామని టెండరు వేసి గెలిచింది. అప్పుడు ఢిల్లీ మెట్రోను నడిపిస్తున్న ఇ. శ్రీధరన్ దీన్ని తప్పుపట్టారు. ఇది రైలు కోసం కాదు, స్థలాల వ్యాపారం కోసమని ఆయన ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. 2009 జనవరిలో మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం సంస్థలో కుంభకోణం బయటపడింది. అదే ఏడాది ఆ ఒప్పందం రద్దయింది.

ఈ ఆలోచనకు మూలం హాంకాంగ్‌లో ఉంది. టికెట్ల రాబడితోనే నడిపే ఖర్చు రాబట్టుకుని ఇంకా మిగుల్చుకున్న అరుదైన మెట్రోల్లో అక్కడి ఎంటీఆర్ ఒకటి. దాని రహస్యం భూమి. స్టేషన్ల మీద, పక్కన ఉన్న స్థలాలను రైలు రాకముందున్న ధరకు ప్రభుత్వం దానికి ఇస్తుంది. రైలు వచ్చాక అక్కడ అపార్ట్‌మెంట్లు, మాల్స్ కట్టిస్తే పెరిగిన విలువలో వాటా రైలు ఖాతాలో పడుతుంది. సబ్సిడీ లేని మెట్రోగా దాన్ని పొగుడుతుంటారు. నగదు సబ్సిడీ లేని మాట నిజమే. కానీ ప్రజల భూమి కూడా ప్రజల సొమ్మే కదా. మంచి విషయమేమిటంటే అక్కడ ఆ సంస్థలో దాదాపు మూడొంతుల వాటా ప్రభుత్వానిదే కాబట్టి లాభం కూడా చాలావరకు తిరిగి ప్రజలకే చేరుతుంది.

మనదగ్గర రెండోసారి టెండరు గెలిచిన ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం అడిగింది, స్టేషన్ల దగ్గర స్థలాల మీద హక్కులూ పొందింది. 2017 నవంబరులో రైలు కదిలింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిన మెట్రోల్లో ప్రపంచంలోనే పెద్దదన్న పేరొచ్చింది. హాంకాంగ్‌లో పండిన భూమి లెక్క ఇక్కడ పండలేదు. కరోనా కాలంలో ప్రయాణికులూ తగ్గారు, అప్పు మీద వడ్డీ పెరిగింది. చివరికి 2025 సెప్టెంబరులో సుమారు 13 వేల కోట్ల అప్పును నెత్తిన వేసుకుని, సంస్థ వాటాకు 2 వేల కోట్ల దాకా చెల్లించి మొదటి దశను తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అంగీకరించింది. 30 వేల కోట్లు వస్తాయన్న కలతో మొదలైన కథ 15 వేల కోట్ల బాధ్యతతో ఈ మలుపు తిరిగింది. దీనికి మెట్రోను తప్పుపట్టడం న్యాయం కాదని నా నమ్మకం. పెద్ద నగరంలో మెట్రోకు ప్రజల డబ్బు పెట్టక తప్పదని మొదటిరోజే ఒప్పుకుని ఉంటే ఇంత చుట్టు తిరగాల్సి వచ్చేది కాదు.

లెక్కలోకి రాని పదకొండు కిలోమీటర్లు

అదే నగరంలో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. ఖర్చు సుమారు 600 కోట్లు. అప్పట్లో దేశంలోకెల్లా పొడవైన ఫ్లైఓవర్. దాని మీద టోల్ లేదు. బస్‌స్టాపులన్నీ కిందే ఉన్నాయి. బస్సు ఎక్కేవాళ్లకు ఒక్క స్టాపూ లేని ఈ కట్టడం రాబడి ఎంత, నష్టమెంత అని ఏ బడ్జెట్ సమావేశంలోనూ చర్చకు వచ్చినట్టు నాకు గుర్తు లేదు. మెట్రోకు మాత్రం ఆ ప్రశ్న ప్రతి ఏడాదీ ఎదురవుతుంది.

ఎవరి డబ్బుతో ఎవరి బండి

ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగం స్విట్జర్లాండ్‌లోని గోథార్డ్. పొడవు 57 కిలోమీటర్లు, 2016 జూన్ 1న ప్రారంభమైంది. దాని ఖర్చులో పెద్ద భాగం ఇచ్చింది లారీలు. కొండల మీదుగా పోయే లారీల పొగ, రొద భరించలేక స్విస్ ప్రజలు సరుకును రైలెక్కించాలని 1994లో ఓటేశారు. 1998లో బరువును బట్టి, తిరిగిన దూరాన్ని బట్టి లారీలకు రుసుము వేయడానికి ఒప్పుకున్నారు. 2001 నుంచి వసూలవుతున్న ఆ సొమ్ములో మూడింట రెండొంతులు కేంద్రానికి, అక్కడినుంచి ఎక్కువగా రైలు మార్గాలకు వెళ్తుంది. ప్రజలు ఓటేసి మరీ రోడ్డు డబ్బును రైలుకు మళ్లించడం కంటే పెద్ద విశేషం ఈ జాబితాలో లేదు.

జపాన్‌లో రైల్వే అప్పులో కొంత భారం పొగరాయుళ్లు మోస్తున్నారు. 1987లో జాతీయ రైల్వేను ముక్కలు చేసి ప్రైవేటుకు ఇచ్చినప్పుడు దాని అప్పు 37 లక్షల కోట్ల యెన్‌లు. అందులో మిగిలిపోయినది తీర్చడానికి 1998 డిసెంబరులో సిగరెట్ల మీద ప్రత్యేక పన్ను వేశారు. ప్యారిస్ ప్రాంతంలో 1971 నుంచి యజమానులే రవాణా పన్ను కడుతున్నారు. ఉద్యోగి బస్సులోనో మెట్రోలోనో వచ్చి పనిచేయడం వల్ల లాభపడేది కంపెనీ కూడా కదా అన్నది అందులోని న్యాయం. ఉద్యోగి పాసులో సగం కూడా కంపెనీయే భరించాలి.

ముప్పై ఏళ్లు దాటినా కదలని పన్ను

రోడ్ల ఖర్చు రోడ్డు వాడేవాళ్లే పెట్రోలు పన్నుగా కట్టేస్తున్నారన్న నమ్మకం అమెరికాలో గట్టిగా ఉంది. ఒరెగాన్ రాష్ట్రం 1919లో గ్యాలనుకు ఒక సెంటు పన్ను వేసినప్పటి నుంచీ అది అలా పాతుకుపోయింది. కేంద్ర పెట్రోలు పన్ను 1993 నుంచి గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. ధరలన్నీ రెట్టింపు దాటినా అది కదల్లేదు. 2008లో రహదారుల నిధి ఖాళీ అవడంతో సాధారణ ఖజానాలోంచి నింపడం మొదలుపెట్టారు. 2021 చట్టంతో ఒక్కసారే 11,800 కోట్ల డాలర్లు బదిలీ చేశారు. అందులో రహదారులకు 9,000 కోట్లు, ప్రజా రవాణాకు 2,800 కోట్లు. కారు లేనివాడి ఆదాయపు పన్ను కూడా ఇప్పుడు హైవేల్లో కలుస్తోంది.

బ్రిటన్‌లో 2011 నుంచి ఇంధన సుంకాన్ని పెంచలేదు. 2022లో ఇంకో 5 పెన్నీలు తగ్గించారు. అదే కాలంలో రైలు చార్జీలు దాదాపు ఏటా పెరిగాయి. 2026లో ఇంగ్లండ్‌లో వాటిని పెంచకుండా ఆపితే 30 ఏళ్లలో మొదటిసారని వార్తల్లోకెక్కింది.

నిలిపి ఉంచిన కారు

కారు ఎక్కువసేపు నడవదు, ఆగే ఉంటుంది. అది ఆగిన స్థలం ఎవరిదన్నది పెద్ద ప్రశ్న. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1.86 కోట్ల పార్కింగ్ చోట్లున్నాయని, పట్టణ నేలలో 14 శాతం వాటికే పోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. జపాన్‌లో 1962 నుంచి సొంత పార్కింగ్ చోటు చూపిస్తేనే కారు రిజిస్టర్ చేస్తారు. ఇక సింగపూర్‌లో కారు కొనే ముందు కారు ఉంచుకునే హక్కు కొనాలి. అది పదేళ్లే చెల్లుతుంది. 2023 అక్టోబరు వేలంలో పెద్ద కార్లకు ఆ హక్కు ధర 1,50,001 సింగపూర్ డాలర్లకు చేరింది. మన డబ్బులో సుమారు 90 లక్షలు, కారు ధర వేరే.

టోకున కొంటే ఎక్కువ ధర

ఎక్కడైనా టోకున కొంటే ధర తగ్గుతుంది. మన ఆర్టీసీలకు రెండుసార్లు దీనికి తలకిందుగా జరిగింది. ఒకప్పుడు డీజిలు ధరను ప్రభుత్వమే తక్కువగా ఉంచేది. 2012-13లో ఆ ధరకు అమ్మినందుకు చమురు కంపెనీలకు తగ్గిన రాబడి 92,061 కోట్లు. రైతు, లారీ, బస్సు పేరు చెప్పి తెచ్చిన ఆ రాయితీ పెద్ద డీజిలు కార్లకూ అందింది. 2013 జనవరిలో భారం తగ్గించుకోవాలనుకున్న కేంద్రం మొదట కోత పెట్టింది టోకు కొనుగోలుదారులకు. ఆర్టీసీలు, రైల్వే ఆ కోవలోకే వస్తాయి. అంటే వందమందిని మోసే పల్లెవెలుగు బస్సుకు పూర్తి ధర, ఒక్కరిని మోసే కారుకు రాయితీ ధర. తేడా లీటరుకు దాదాపు పది రూపాయలు. పలు రాష్ట్రాల బస్సులు తమ డిపోలు వదిలి మామూలు బంకుల ముందు వరస కట్టాయి. 2022 మార్చిలో మళ్లీ అదే దృశ్యం. ఈసారి టోకు ధర బంకు ధర కంటే పాతిక రూపాయలకు పైగా ఎక్కువైంది. మన రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ బంకులనే ఆశ్రయించాయి.

ఇదంతా చిన్నాచితకా సంస్థకు జరిగింది కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన సర్వీసు 1999 అక్టోబరు 31 నాటికి 18,397 బస్సులతో ప్రపంచంలోనే పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అదే ఏపీఎస్ఆర్టీసీ. ఆంధ్రప్రదేశ్‌లో డీజిలు మీద వ్యాట్ 22.25 శాతం, దాని మీద లీటరుకు మరో 4 రూపాయలు. విమానాల ఇంధనం మీద 1 శాతం. కార్మికుల సభల్లో ఈ పోలిక ఎన్నేళ్లుగానో వినబడుతోంది, ఇప్పటికీ దానికి సరైన జవాబు రాలేదు.

జీరో టికెట్టు

తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. ఉచితంగా వెళ్లే ప్రతి మహిళకూ కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తారు. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లించాలి. 2025 జులై నాటికి అవి 200 కోట్లు దాటాయి, విలువ 6,680 కోట్లు. సగటున ఒక్కో ప్రయాణానికి 33 రూపాయలు. కూలికి, కాలేజీకి, ఆస్పత్రికి, పుట్టింటికి వెళ్లిన ఆడవాళ్ల ప్రయాణాలవి, ఒక్కోదానికీ ఆధారం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఏడాదికి సుమారు 1,942 కోట్లవుతుందని అంచనా వేశారు. రెండు రాష్ట్రాల్లోనూ ఈ అంకెలు చెప్పి ఖజానా ఏమైపోతుందోనని బెంగపడేవాళ్లున్నారు.

వాళ్లు ఇంకో రెండు అంకెలు చూడాలి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రోడ్డు రవాణా, రహదారుల శాఖకు కేటాయించింది 2.87 లక్షల కోట్లు. అంటే నెలకు సుమారు 24 వేల కోట్లు. నగరాలకు 10 వేల ఎలక్ట్రిక్ బస్సుల కోసం 2023లో తెచ్చిన పీఎం ఈ-బస్ సేవా పథకంలో కేంద్రం వాటా 20 వేల కోట్లు, అదీ పదేళ్ల నడక ఖర్చుకు సాయంతో కలిపి. రోడ్ల శాఖ ఒక్క నెల కేటాయింపు కన్నా తక్కువ. రహదారుల మీద లారీలూ బస్సులూ నడుస్తాయి, పెట్రోలు మీద వాహనదారులు భారీగానే పన్ను కడతారు, రోడ్డు లేని ఊరికి పల్లెవెలుగు కూడా రాదు. ఇవన్నీ నిజాలే. అవన్నీ తీసేసినా మిగిలే తేడా చాలా పెద్దది.

ఉచితం చేసిన తర్వాత బస్సుల్లో నిలబడే చోటు లేదన్నది మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ న్యాయమైన ఫిర్యాదే. బెంగళూరు సిటీ బస్సులు 6 వేలకు పైగా ఉంటే, హైదరాబాద్‌లో ఆర్టీసీ నడిపేవి 3 వేల దరిదాపుల్లోనే ఉన్నాయి. జీరో టికెట్టు బకాయిలు ఎప్పటికప్పుడు తీర్చి, డిపోలకు కొత్త బస్సులు ఇవ్వాలి. వచ్చే బడ్జెట్‌లో మరో ఫ్లైఓవర్ పేరు వినబడినప్పుడు అదే డబ్బుకు ఎన్ని బస్సులొస్తాయో కూడా పక్కనే రాయాలి.